పడినవానికి పొరుగువాడెవడు?



మద్యపానమును ఖండించు ప్రసంగములకు మన సంఘములలో కొదువ లేదు. త్రాగుడు ఇల్లు కూల్చునని, దేహమును చెరుపునని, ఆత్మకు ఉరియగునని చిన్నపిల్లవాడును చెప్పగలడు. త్రాగువానికి మాత్రము ఇది తెలియదా? అందరికంటె అతనికే ఎక్కువ తెలియును. కాబట్టి ఈ వ్యాసములో మద్యము మంచిదా చెడ్డదా అను చర్చ చేయబోము. దానికంటె కఠినమైన ప్రశ్న మరియొకటి కలదు. మానవలెనని కన్నీటితో కోరియు మానలేని మనుష్యునికి నిజమైన సహాయుడు ఎవడు? ఎన్నడును పడని నీతిమంతుడా? మందిచ్చు వైద్యుడా? దుకాణము మూయించు ప్రభుత్వమా? లేక అతనివలెనే పడి, అతనివలెనే అవమానపడి, నిన్ననో మొన్ననో లేచిన మరియొక త్రాగుబోతా?

పవర్ హౌస్‌లోని ఒక కుటుంబము

ఈ ప్రశ్నను గాలిలో విడువక ఒక స్థలములో నిలిపి చూతము. భిలాయి ఉక్కు కర్మాగారమునకు 1955లో సోవియట్ దేశముతో ఒడంబడిక జరిగెను. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. ఆ కొలిమి పిలుపు విని దేశపు నలుమూలలనుండి జనులు వచ్చిరి. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి మన తెలుగువారును వచ్చిరి. హౌరా, బొంబాయి రైలుమార్గముమీద పవర్ హౌస్ అను స్టేషను, దాని చుట్టు అదే పేరుగల బజారు వారి జీవితములో భాగమాయెను. తమ భాషలో పాడి ప్రార్థించుకొనుటకు వారు కూడుకొనిరి. బిడ్డలను చదివించిరి. ఊరిలోని పెద్దలకు మనియార్డరులు పంపిరి.

ఇట్టి చోట నివసించు ఒక కార్మికుని ఊహింతము. అతడు దుష్టుడు కాడు. పనిలో నేర్పరి, సండేస్కూలులో పెరిగినవాడు. కొలిమి వేడికి ఒళ్లు కాలినదని ఒక దినము, రాత్రి షిఫ్టు అలసట పోవలెనని ఒక దినము, జీతము చేతికి వచ్చినదని మరియొక దినము త్రాగెను. కొన్ని సంవత్సరములకు సాకు అవసరమే లేకపోయెను. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఇక ముట్టనని మోకాళ్లూని ప్రమాణము చేసెను. అది బూటకపు ప్రమాణము కాదు, కన్నీరును నిజమే. అయినను సంక్రాంతి రాకముందే అతడు మరల పడెను. అతని భార్య పై అధికారికి జ్వరమని చెప్పి పంపుచున్నది. పిల్లలు తండ్రి అడుగుల చప్పుడునుబట్టి ఆ రాత్రి ఎట్లుండునో గ్రహించుచున్నారు.

ఇప్పుడు సంఘము అతనికేమి చేయుచున్నది? కొందరు గద్దించుచున్నారు, కొందరు జాలిపడుచున్నారు, ఎక్కువమంది తప్పించుకొని పోవుచున్నారు. గద్దించువాడును జాలిపడువాడును మంచివారే. కాని ఇద్దరును మెట్టుమీద నిలిచి క్రిందికి చూచుచున్నారు. పడినవాడు తల యెత్తినప్పుడెల్ల అతనికి కనబడునది వారి ముఖము కాదు, తానున్న లోతు. అందుచేతనే అతడు వచ్చే ఆదివారము దేవాలయమునకు రాడు.

ఆక్రన్ పట్టణములో జరిగిన సంగతి

1935 మే నెలలో అమెరికాలోని ఆక్రన్ పట్టణమునకు బిల్ విల్సన్ అను షేర్ల వ్యాపారి వచ్చెను. త్రాగుడుచేత సమస్తము పోగొట్టుకొని, 1934 డిసెంబరునుండి అతడు ముట్టక యుండెను. వచ్చిన పని చెడిపోయెను. చేతిలో సొమ్ము లేదు. శనివారము సాయంకాలము హోటలు వసారాలో ఒంటరిగా నిలిచియుండగా, ఒకవైపు మద్యశాలనుండి నవ్వులు వినబడుచుండెను, మరియొకవైపు టెలిఫోను, దాని ప్రక్కన సంఘముల పట్టిక ఉండెను. అతడు టెలిఫోనువైపు నడిచెను.

అతడు మాటలాడినది వాల్టర్ టంక్స్ అను పాదిరిగారితో. అడిగినది ప్రార్థన కాదు, డబ్బు కాదు. మాటలాడుటకు తనకొక త్రాగుబోతు కావలెనని అడిగెను! ఆ దైవజనుడు కోపపడలేదు, ఎగతాళి చేయలేదు. కొందరి పేర్లు చెప్పెను. ఆ పేర్లను పట్టుకొని వెదకగా హెన్రియెట్టా సైబర్లింగ్ అను విశ్వాసురాలి యింట, మరుసటి ఆదివారము, డాక్టర్ రాబర్ట్ స్మిత్ అను శస్త్రవైద్యుని బిల్ కలిసికొనెను. పదిహేను నిమిషములు మాత్రమే ఉందునని వచ్చిన ఆ వైద్యుడు ఆరుగంటలకు పైగా కూర్చుండెను. త్రాగుడును గూర్చి అతనికి బోధించినవారు ఎందరో యుండిరి గాని, దానిని లోపలనుండి ఎరిగినవాడు అతనితో మాటలాడుట అదే మొదటిసారి. తరువాత అతడు ఒకసారి పడెను. అయినను ఆ యేడు జూన్ 10 తరువాత అతడు మరి ముట్టలేదు. ఆ దినమునే ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సహవాసపు జన్మదినముగా ఎంచుచున్నారు. పేరు చెప్పుకొనని మద్యపీడితులు అని దాని భావము. మన దేశములో 1957లో బొంబాయిలో అది మొదలాయెను.

ఈ వృత్తాంతములో మరువరాని సంగతి ఒకటి కలదు. అంతకుముందు కొన్ని నెలలు బిల్ న్యూయార్కులో అనేకమంది త్రాగుబోతులను లేపజూచెను. ఒక్కడును నిలువలేదు. అయితే వారికొరకు తిరిగినంతకాలము తాను మాత్రము నిలిచెను. ఆక్రనులో అతడు వైద్యుని వెదకినది వైద్యుని రక్షించుటకు కాదు, తాను మద్యశాలలోనికి పోకుండుటకే.

ఇది ప్రేమయా, స్వప్రయోజనమా?

ఇక్కడ నీతిశాస్త్రము ఎరిగినవాడు లేచి ఒక ఆక్షేపణ చేయును. తన మేలుకొరకు పొరుగువాని వెదకుట ప్రేమ యెట్లగును? ప్రేమ తన స్వప్రయోజనమును విచారించుకొనదని మనము నేర్చుకొనలేదా? త్రాగుబోతు మరియొక త్రాగుబోతును తన ఊతకఱ్ఱగా వాడుకొనుచున్నాడు. దీనికి పొరుగువాని ప్రేమ అని పేరు పెట్టవచ్చునా?

ఈ ఆక్షేపణ తేలికైనది కాదు. కాని మన ఉపకారమును గూడ ఇదే త్రాసులో పెట్టి చూతము. ఏమియు కోరక చేసిన ఉపకారము శ్రేష్ఠమని తలంచుదుము. అది పుచ్చుకొనువానికి ఎట్లుండును? ఇచ్చువానికి తనతో ఏ అవసరమును లేదు. తాను లేకున్నను అతనికి లోటు లేదు. అట్టి దానము కడుపు నింపవచ్చును, తల యెత్తనీయదు. అయితే నీవు నాకు కావలెను, నీతో మాటలాడనియెడల ఈ రాత్రి నేనును పడుదును, అని వచ్చినవాడు పడినవానికి సహాయముకంటె గొప్పదానిని ఇచ్చుచున్నాడు. ఎన్నో యేండ్లుగా ఎవరికిని అక్కరలేనివాడై, ఇంటికి బరువై, పనికి అడ్డమైన మనుష్యునితో, నీవలన నాకు మేలు కలదు అని చెప్పుచున్నాడు. ఈ మాటను నీతిమంతుడు అబద్ధమాడక చెప్పలేడు. పడి లేచినవాడు మాత్రమే సత్యముగా చెప్పగలడు.

అయినను అవసరమునకును వాడుకకును భేదము కలదు. వాడుకొనువాడు పని తీరగానే పారవేయును. ఆ భేదమును తెలిసికొనుటకు ఒకటే పరీక్ష: ఎదుటివాడు మరల పడినప్పుడు ఇతడేమి చేయును? కూటమికి వచ్చుచున్న మనుష్యుడు జీతపు దినమున త్రాగి కనబడకపోయెననుకొనుడు. స్వప్రయోజనమే చూచుకొనువాడు అతని విడిచి మరియొకని వెదకును. నిజమైన సహవాసి మరునాడు అతని యింటి తలుపు తట్టి, నేనును ఇట్లే పడితిని, సాయంకాలము కుర్చీ ఖాళీగా ఉంచెదము, రమ్ము, అనును. అవసరముగా మొదలైనది ఇక్కడ ప్రేమగా తేలుచున్నది. ప్రేమ ఎల్లప్పుడు శుద్ధముగా పుట్టదు. బిడ్డ తల్లిని మొదట వెదకునది ఆకలిచేతనే గదా! దాని పుట్టుకనుబట్టి కాక దాని నిలుకడనుబట్టి ప్రేమను తీర్పు తీర్చుట న్యాయము.

లూకా సువార్త పదియవ అధ్యాయములోని ఉపమానమును జ్ఞాపకము చేసికొనుడు. గాయపడినవానియొద్ద నిలిచినది యాజకుడు కాదు, లేవీయుడు కాదు. తానును త్రోసివేయబడినవారి జాతికి చెందిన సమరయుడు. త్రోవప్రక్కన పడియుండుట యెట్టిదో అతనికి ఒకరు చెప్పనక్కరలేకపోయెను.

చట్టము చేయగలిగినది, చేయలేనిది

మన తెలుగుదేశము ఈ విషయములో గొప్ప పాఠమును నేర్చుకొనెను. 1990లలో మొదట నెల్లూరు జిల్లా దూబగుంటలోను, తరువాత అనేక గ్రామములలోను, స్త్రీలు సారాకు ఎదురుతిరిగిరి. వారి పోరాటము ఫలించి 1993 అక్టోబరు 1నుండి సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను. ఆ తల్లుల ధైర్యమును తక్కువచేయరాదు. దుకాణము మూతపడిన దినములలో ఎన్నో ఇండ్లలో పొయ్యి వెలిగెను. అయితే చట్టము సీసాను మాత్రమే తీసివేయగలదు. సీసా ఉండిన చోట ఏమి ఉంచవలెనో చట్టమునకు తెలియదు. ఖాళీయైన యింటిలోనికి పోయిన దయ్యము మరి యేడింటిని వెంటబెట్టుకొని తిరిగివచ్చునని ప్రభువు హెచ్చరించియున్నాడు.

భిలాయికి ఇనుపరాయి పంపు దల్లీ రాజ్‌హరా గనులలో మరియొక మార్గము కనబడెను. 1977 తరువాత అక్కడి గనికార్మికుల సంఘమునకు నాయకుడైన శంకర్ గుహా నియోగి, కూలి పెరిగినకొలది సారా అమ్మకమును పెరుగుట గమనించెను. పోరాడి తెచ్చుకొన్న రూపాయి సారా అంగడికి పోవుచుండగా ఇక విజయమెక్కడిదని అతడు కార్మికులను అడిగెను. మద్యము మానుటను సంఘపు పనిగా చేసికొని, త్రాగినవానిని తోటి కార్మికులే నిలదీసిరి, స్త్రీలు ముందుకు వచ్చిరి. 1983లో ఆ కార్మికులే తమ డబ్బుతోను చెమటతోను షహీద్ ఆసుపత్రిని నిలిపిరి. నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయిలో హత్య చేయబడెను. మరుసటి యేడు జూలై 1న పవర్ హౌస్ స్టేషనులో పట్టాలమీద కూర్చున్న కార్మికులపై పోలీసులు కాల్పులు జరుపగా అనేకులు మరణించిరి. ఆ చరిత్రలోని తక్కిన సంగతులనుగూర్చి భేదాభిప్రాయములు ఉండవచ్చును. కాని ఒక సంగతి గమనింపదగినది. అక్కడను మనుష్యుని నిలిపినది పైనుండి వచ్చిన ఆజ్ఞ కాదు, ప్రక్కనున్న తోటివాని ముఖము.

అయితే నిలదీయుటకును ప్రక్కన కూర్చుండుటకును వ్యత్యాసము కలదు. సిగ్గు మనుష్యుని కొంతకాలము ఆపును, తరువాత దాగుకొననేర్పును. కూటమి యొప్పుకొనుటకు చోటిచ్చును, కాబట్టి దాగుకొననక్కరలేదు.

బలహీనుడనని ఒప్పుకొనుట తప్పించుకొనుటయా?

రెండవ ఆక్షేపణ ఇది. మద్యము ఎదుట నేను శక్తిహీనుడను అని చెప్పించు మార్గము మనుష్యుని బాధ్యతను తీసివేయదా? వ్యాధి యనినయెడల పాపము ఏమాయెను?

ఒక సూక్ష్మమును గమనింపుడు. మొదటి గ్లాసు పుచ్చుకొన్న తరువాత తన చిత్తము తనకు లోబడదని అతడు ఒప్పుకొనుచున్నాడు. ఆ మాట నిజమని అతని ఇరువది యేండ్ల జీవితము సాక్ష్యమిచ్చుచున్నది. కాని రాత్రి పదిగంటలకు షిఫ్టు దిగి గేటు దాటినప్పుడు సైకిలును ఏ వీధికి త్రిప్పవలెనో అది యింకను అతని చేతిలోనే యున్నది. గెలువలేని చోట పోరాడుట మాని, గెలువగల చోట నిలుచుటయే ఈ ఒప్పుకోలులోని జ్ఞానము. సంవత్సరమంతటికి ప్రమాణము చేయుమని ఎవరును అడుగరు. ఈ దినమునకు మాత్రమే. అనుదినాహారమును ఏ దినమునకు ఆ దినమే అడుగ నేర్చుకొన్న మనకు ఇది వింతయా?

బాధ్యత ఇక్కడ తీసివేయబడలేదు, పెంచబడినది. ఆ సహవాసపు పండ్రెండు మెట్లలో, తాను అన్యాయము చేసినవారి జాబితా వ్రాసి, వారికి మరింత హాని కలుగని చోటనెల్ల వారియొద్దకు పోయి సరిచేసికొనవలెనని యున్నది. అప్పు తీర్చవలెను. భార్యయెదుట సాకులు లేక నిలువవలెను. జక్కయ్య చేసినది ఇదియే గదా! ప్రార్థనలో ఒక్కమాటతో క్షమాపణ ముగించుకొని ఇంటికి పోవు మనకంటె ఈ మార్గము ఎంత కఠినమైనది!

అనుభవము చెప్పుచున్న దానిని పరిశోధనయు బలపరచుచున్నది. 2020లో కోక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్ష 27 అధ్యయనములను, 10,565 మంది విషయమును పరిశీలించెను. ఈ కూటములలో చేరి నిలుచునట్లు క్రమముగా నడిపించు చికిత్స, ఇతర చికిత్సలకంటె ఎక్కువమందిని ఎడతెగక మద్యమునకు దూరముగా ఉంచుచున్నదని అది తేల్చెను. అందరును నిలుతురని కాదు. మార్గము వ్యర్థము కాదని చెప్పుటకు ఇది చాలును.

సంఘము చేయవలసినది

దేవుని మందిరము ఉండగా ఆ గదికి పోవుట యేల అని కొందరు నొచ్చుకొందురు. ఆ సహవాసపు వేళ్లు ఎక్కడ నాటబడెనో వారు జ్ఞాపకము చేసికొనవలెను. 1877లోనే జెనీవాలో లూయి లూసియెన్ రోషా అను పాదిరిగారు త్రాగుబోతులకొరకు బ్లూ క్రాస్ సహవాసమును స్థాపించెను. బిల్ విల్సన్ పాపములను ఒకనితో ఒకడు ఒప్పుకొను అలవాటును నేర్చుకొన్నది, లూథరన్ బోధకుడైన ఫ్రాంక్ బుక్మన్ స్థాపించిన ఆక్స్‌ఫర్డ్ గ్రూపులోను, న్యూయార్కులో సామ్యూల్ షూమేకర్ అను సంఘకాపరియొద్దను. యాకోబు తన పత్రికలో ఇచ్చిన ఆలోచన అదియే. మనము విడిచిన ఆయుధమును త్రాగుబోతులు ఎత్తికొనిరి. నొచ్చుకొనుటకంటె సిగ్గుపడుట మనకు తగును.

సంఘకాపరులారా, టంక్సుగారు ఆ మనుష్యుని తానే స్వస్థపరచలేదు. ఎక్కడికి పోవలెనో చెప్పెను. అదియు పరిచర్యయే. మీ పట్టణములో ఈ కూటము ఏ గదిలో, ఏ వారము, ఎన్ని గంటలకు జరుగునో తెలిసికొని యుంచుడు. ఆసుపత్రిలోని మానసిక వైద్యుని అడుగుడు. వ్యసనవిముక్తికొరకు ప్రభుత్వము నడుపు 14446 అను ఉచిత ఫోనులో విచారింపవచ్చును. కూటమునకు రుసుము లేదు. త్రాగుడు మానవలెనను కోరిక తప్ప మరి ఏ అర్హతయు అడుగరు. మొదటి దినమున ఏమియు పలుకక మూలను కూర్చుండవచ్చును. ఒంటరిగా పోవుటకు కాళ్లు ఆడనివానికి తోడుగా గుమ్మమువరకైనను నడువుడు.

ఒక హెచ్చరిక. బహుకాలము ఎక్కువగా త్రాగినవాడు హఠాత్తుగా మానినయెడల మొదటి రెండు దినములలో మూర్ఛ రావచ్చును. రెండు నాలుగు దినములలో వణుకు, జ్వరము, లేనిపోని రూపములు కనబడుట సంభవింపవచ్చును. అది ప్రాణాపాయము. కాబట్టి ముందుగా వైద్యుని చూపింపుడు. ఉపవాసప్రార్థన పేరిట అట్టివానిని గదిలో మూసియుంచుట విశ్వాసము కాదు.

పవర్ హౌస్ వంటి చోట మరియొక కష్టము కలదు. కూటము హిందీలో జరుగవచ్చును. పనిలో, బజారులో మన కార్మికుడు హిందీ మాటలాడును గాని, తల్లిని కొట్టితినని, కూతురి ఫీజు సొమ్ము త్రాగితినని పరభాషలో చెప్పుట సులభమా? కొంతకాలము హిందీలోనే వినుట మేలు. ఇద్దరు తెలుగువారు నిలిచిన దినమున తెలుగులో ఒక కూటము మొదలుపెట్టవచ్చును. ఆక్రనులోను మొదట ఇద్దరే. వారికి దేవాలయపు ప్రక్కగదిని వారమునకొక సాయంకాలము ఇచ్చుటకు మన కమిటీలు వెనుదీయకూడదు.

వారి పేరు దాచుటను గూర్చి ఒక మాట. వరుసగా కట్టిన క్వార్టర్లలో గోడకు చెవులుండును. గదిలో విన్నది గదిలోనే విడుచుట వారి నియమము. మనకు ఆ నియమము ఉన్నదా? ఫలాని సహోదరునికొరకు ప్రార్థింపుడని చెప్పుచు అతని పతనమును ఇంటింటికి మోసికొనిపోవు అలవాటు మనలో కలదు. ప్రార్థనాంశము అను వస్త్రము కప్పినంతమాత్రమున చాడీ పరిశుద్ధము కాదు. అట్లే, మానిన మొదటి నెలలోనే అతనిని వేదికనెక్కించి సాక్ష్యము చెప్పింపకుడు. మెచ్చుకోలు అను మద్యమును అతని తలకెక్కును. ఎక్కినదానినుండి పడుట మరియు ఘోరము.

అతని భార్యను మరువకుడు. ఓర్చుకొనుమను మాట ఆమె చాల వినియున్నది. ఆమె చెప్పు అబద్ధపు జ్వరములు భర్తను కాపాడుటలేదు, అతని త్రాగుడును కాపాడుచున్నవి. అట్టి కుటుంబములవారికొరకు 1951నుండి ఆల్-అనాన్ అను వేరొక సహవాసము కలదు. ఆమెకును ఒక కుర్చీ కావలెను. ఆమె దేహముమీద చేయి పడుచున్నయెడల ఓర్పు బోధింపక ఆమెకును పిల్లలకును మొదట భద్రమైన చోటు చూపవలెను.

ప్రియులారా, మొదటి ప్రశ్నకు ఇప్పుడు ప్రత్యుత్తరము చెప్పవచ్చును. వైద్యుడు కావలెను, చట్టము కావలెను, బోధయు కావలెను. కాని పడినవాడు మొదట నమ్మగలిగిన పొరుగువాడు తనవలె పడినవాడే. అయితే త్రాగనివారమైన మనకు అక్కడ చోటు లేదా? కోపము, ధనాపేక్ష, పొగడ్తలమీద ఆశ, ఇతరుల పతనమునుగూర్చి చెప్పుకొను రుచి, వీటిలో ఏదో ఒకదానియెదుట ప్రతి సంక్రాంతికి ముందే ప్రమాణము తప్పినవారము మనమందరము. దానిని ఒప్పుకొన్న దినమున మనము మెట్టు దిగుదుము. అప్పుడు పడినవాడు తల యెత్తి చూచినప్పుడు అతనికి తన లోతు కాక ఒక సహోదరుని ముఖము కనబడును.

ఈ సంవత్సరములో ఎవరైన ఒకడు మీ తలుపు తట్టి సహాయమడిగినయెడల, ప్రసంగము చేయకుడు. చెప్పులు తొడిగికొని అతనితో నడువుడు.